గ్లౌజు వదులైతే పట్టు బిగుస్తుంది

ఎదిగే పిల్లలకు ఏది కొన్నా ఒక సైజు పెద్దది తీసుకోవడం చాలా ఇళ్లల్లో అలవాటు. యూనిఫామైతే లోపలికి మడిచి కుట్టించుకోవచ్చు. బూట్లయితే ముందు కాస్త దూది కుక్కుకోవచ్చు. గోల్ఫ్ గ్లౌజు దగ్గర మాత్రం ఆ లెక్క పనిచేయదు. వేసవి సెలవుల్లో ఆట నేర్చుకోవడానికి వెళ్లే కుర్రాడికి 'వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందిలే' అని వదులు గ్లౌజు కొనిచ్చారనుకోండి. వారం తిరక్కుండానే అరచేతిలో బొబ్బలతో ఇంటికొస్తాడు.

కారణం చిన్నదే. గ్లౌజు వదులుగా ఉంటే చేతికీ కర్రకూ మధ్య తోలు ముడతలు పడుతుంది. బంతిని కొట్టే క్షణంలో కర్ర కాస్త తిరుగుతుంది. అది జారిపోతుందేమోనన్న భయంతో పిల్లవాడు ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. పిడికిలి బిగిస్తే మణికట్టు బిగుస్తుంది, ఆపైన మోచేయి, భుజం కూడా. ఇక కర్ర విసురులో సాఫీతనం ఎక్కడుంటుంది? నిజానికి గ్లౌజు ఉన్నది గట్టిగా పట్టుకోవడానికి కాదు. తేలిగ్గా పట్టుకున్నా కర్ర జారకుండా ఉండటానికి.

ఏ చేతికి?

కుడిచేతివాటం వాళ్లు గ్లౌజును ఎడమ చేతికి వేసుకుంటారు. కర్ర చివరను పట్టుకునేది, విసురులో ఎక్కువ లాగుడు పడేది ఆ చేతికే కాబట్టి. ఎడమచేతివాటం వాళ్లకు ఇది తిరగబడుతుంది. కొనేటప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడే. ప్యాకెట్ మీద 'లెఫ్ట్ హ్యాండ్' అని ఉంటే ఎడమ చేతికి తొడిగేదని అర్థం. అంటే అది కుడిచేతివాటం వాళ్లది. వాటం ఎడమదని ఎడమ చేతి గ్లౌజు తెచ్చుకుంటే డబ్బు దండగే.

మెత్తని తోలు

మంచి తోలు గ్లౌజు మీద 'కేబ్రెట్టా' అన్న మాట కనిపిస్తుంది. దట్టమైన ఉన్నికి బదులు పొట్టి వెంట్రుకలుండే గొర్రెల తోలు అది. ఉన్ని గొర్రెల తోలు కాస్త గుల్లగా ఉంటుంది. వెంట్రుకల గొర్రె తోలు పలచగా, మెత్తగా ఉంటూనే గట్టిగా నిలుస్తుంది. పేరున్న నెల్లూరు గొర్రె కూడా ఈ వెంట్రుకల జాతిదే. కేబ్రెట్టా తొడుక్కుంటే వేళ్లకు కర్ర స్పర్శ నేరుగా తెలుస్తుంది. సింథటిక్ గ్లౌజులో అంత స్పర్శ ఉండదు. కానీ ధర తక్కువ, మన్నిక ఎక్కువ. ఇవాళ కొన్నది రేపు పట్టకుండా పోయే వయసు పిల్లలకు, ఆట నేర్చుకునే తొలి నెలల్లో అదే మేలు. పట్టు కుదిరాక తోలుకు మారొచ్చు. రెండూ కలిపి కుట్టినవి కూడా దొరుకుతాయి.

కొలత ఇలా

బొటనవేలు వదిలేసి, వేళ్ల మొదళ్ల కణుపుల మీదుగా అరచేతి చుట్టుకొలత తీసుకోవాలి. మధ్యవేలి పొడవు కూడా కొలవాలి. ఈ రెండింటినీ కంపెనీ ఇచ్చే పట్టికతో పోల్చుకుంటే సైజు తెలుస్తుంది. అరచెయ్యి వెడల్పుగా, వేళ్లు పొట్టిగా ఉన్నవాళ్లకు 'కేడెట్' అనే కొలతలు వేరుగా ఉంటాయి. పిల్లలకు జూనియర్ సైజులున్నాయి. వీలైతే దుకాణంలో తొడిగి చూడటమే మంచిది. వేళ్ల చివర తోలు మిగలకూడదు. అరచేతిలో ముడత పడకూడదు. వెనకనుండే వెల్క్రో పట్టీ ముప్పావు వంతు దాకా అతుక్కుంటే సరిపోయినట్టు. కొత్తలోనే చివరిదాకా వస్తే ఆ గ్లౌజు పెద్దది. తోలు వాడేకొద్దీ సాగుతుంది కాబట్టి మొదట్లో కాస్త బిగువుగా అనిపించడమే మంచిది. అలాగని పిడికిలి ముడవలేనంత బిగువు ఉండకూడదు.

చెమటే శత్రువు

తెలుగు నాట ఎండల్లో ఆడేవాళ్లకు గ్లౌజు చిరగడం కన్నా ముందొచ్చే తంటా చెమట. తడిసిన తోలు ఆరాక అట్టలా బిరుసెక్కుతుంది. అందుకే ఒక షాట్‌కూ మరో షాట్‌కూ మధ్య నడిచేటప్పుడు గ్లౌజు తీసేసి గాలి తగలనివ్వాలి. రంధ్రం దగ్గరికొచ్చాక బంతిని మెల్లగా దొర్లించే వేళ ఎలాగూ చాలామంది తీసేస్తారు. వేళ్ల కొసలు పట్టి ఒక్కసారిగా లాగితే కుట్లు తెగుతాయి. ముందు ఒక్కో వేలినీ కాస్త వదులు చేసుకుని, తర్వాత మణికట్టు వైపు నుంచి మెల్లగా తీయాలి.

ఆట ముగిశాక ఉండచుట్టి సంచిలో కుక్కితే తెల్లారేసరికి ముడతలు బిగుసుకుపోతాయి. చేత్తో సాపు చేసి నీడలో ఆరనివ్వాలి. ఎండలోనో, కారు అద్దం ముందో పెట్టకూడదు. పూర్తిగా ఆరాక కొన్నప్పుడు వచ్చిన కవర్లోనే పరిచి దాచుకోవాలి. తోలు గ్లౌజును సబ్బు నీళ్లలో ఉతకొద్దు. మరక పడితే కొద్దిగా తడిపిన బట్టతో తుడిస్తే చాలు. రెండు గ్లౌజులుంచుకుని మార్చి మార్చి వాడితే రెండూ ఎక్కువ కాలం వస్తాయి.

చిరుగు చెప్పే సంగతి

పాత గ్లౌజును పారేసే ముందు ఒకసారి తిప్పి చూడాలి. చిటికెనవేలి వైపు, మణికట్టుకు దగ్గరగా చిల్లు పడిందంటే కర్రను వేళ్లతో కాక అరచేత్తో పట్టుకుంటున్నట్టు, లేదా విసురు మధ్యలో కర్ర కదులుతున్నట్టు. బొటనవేలి దగ్గర అరిగితే దాన్ని అతిగా నొక్కుతున్నట్టు. అలాంటప్పుడు కొత్త గ్లౌజు కొనడం కన్నా ముందు పట్టు సరిచేసుకోవాలి. లేకపోతే నెల తిరిగేసరికి కొత్తదానికీ అక్కడే చిల్లు పడుతుంది.

గ్లౌజు లేకుండా ఆడేవాళ్లు కూడా లేకపోలేదు. అమెరికా ఆటగాడు ఫ్రెడ్ కపుల్స్ 1992లో మాస్టర్స్ టోర్నమెంటును వట్టి చేతులతోనే గెలిచాడు. తాపీగా సాగే అతని విసురుకు ఎంతో పేరు. నేర్చుకునే పిల్లలకు ఆ తాపీతనం అలవడాలంటే చేతికి భయం లేకుండా ఉండాలి. ఆ భయం పోగొట్టేది చేతికి అతికినట్టుండే గ్లౌజు. వచ్చే ఏడాది సైజు సంగతి వచ్చే ఏడాది చూసుకోవచ్చు.