ముందు జైలు, తర్వాతే షికారు!

చెన్నైలో విమానమెక్కితే రెండు గంటల పైచిలుకులో అండమాన్! పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది లెండి.

1996 నాటి ‘కాలాపానీ’ చూసినవారికి సెల్యులార్ జైలు కొత్త కాదు. కానీ తెర మీద చూడడం వేరు, ఆ కొట్లలో ఒకదానిలో నిలబడడం వేరు. ఒక వరస కొట్లకు ఎదురుగా పక్క వరస వీపే... ఖైదీకి ఖైదీ మొహం కనబడకూడదని! ఏడు వరసల్లో నేడు మిగిలినవి మూడే.

అది చూశాకే చిడియా టాపు సూర్యాస్తమయం. పాతిక కిలోమీటర్లు. అక్కడ అయిదు, అయిదున్నరకే పొద్దు గూకుతుంది, నాలుగింటికే చేరండి!

రాత్రికి చేపల వేపుడు. పక్క బల్ల దగ్గర తెలుగు వినబడితే ఆశ్చర్యపోకండి, మనవాళ్లు అక్కడ చాలామందే!

మనం సరదా పడే ఆ సముద్రమే, వాళ్లకు జైలుగోడ. మరిచిపోకండేం!