కారుణ్య మరణం.. హక్కు దక్కినా ఆచరణ ఎక్కడ?

2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో కండరాల క్షీణత వ్యాధితో మంచాన పడిన పాతికేళ్ల చదరంగ క్రీడాకారుడు చివరి కోరిక కోరాడు. అవయవాలు పాడవకముందే తనకు అమర్చిన ప్రాణాధార యంత్రాన్ని తొలగించాలని, తన అవయవాలను అవసరమైనవారికి దానం చేయాలని వేడుకున్నాడు. కుమారుడి తరఫున తల్లి ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించారు. చట్టం అంగీకరించదంటూ న్యాయస్థానం ఆ వినతిని తోసిపుచ్చింది. కొద్దిరోజులకే ఆ యువకుడు కన్నుమూశాడు. ఆ తల్లి వేసిన ప్రశ్న మాత్రం మిగిలింది.

జీవించే హక్కులో మరణించే హక్కు ఇమిడి లేదని 1996లో జ్ఞాన్‌కౌర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. ముంబయి కేఈఎం ఆసుపత్రిలో 1973లో దాడికి గురై దశాబ్దాల తరబడి అచేతనంగా ఉండిపోయిన నర్సు అరుణా శానబాగ్ కేసు ఈ చర్చను మలుపు తిప్పింది. ఆమెకు మరణం ప్రసాదించాలన్న పిటిషన్‌ను ఆమెను కంటికి రెప్పలా చూసుకున్న అదే ఆసుపత్రి సిబ్బంది వ్యతిరేకించారు. 2011 మార్చి 7న న్యాయస్థానం ఆ వినతిని తిరస్కరిస్తూనే, హైకోర్టు అనుమతితో ప్రాణాధార చికిత్సను ఉపసంహరించవచ్చని తొలిసారి అంగీకరించింది. అరుణ 2015లో న్యుమోనియాతో మరణించారు.

గౌరవప్రదమైన మరణం సైతం జీవించే హక్కులో భాగమేనని 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. కోలుకునే ఆశ లేని స్థితిలో తనకు ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకునే ‘లివింగ్ విల్’కు చట్టబద్ధత కల్పించింది. చికిత్స ఆపడం వేరు, ప్రాణం తీయడం వేరు. మందు ఇచ్చి చంపడం నేటికీ నేరమే. ఆత్మహత్యకు తోడ్పడినవారికి భారతీయ న్యాయ సంహిత ప్రకారం పదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. నెదర్లాండ్స్ 2002లో అమల్లోకి తెచ్చిన విధానానికీ మన విధానానికీ తేడా ఇదే.

జిల్లాలో తెలిసిందెందరికి?

2018 నాటి నిబంధనలు సంక్లిష్టంగా ఉన్నాయన్న విమర్శలతో 2023 జనవరిలో సుప్రీంకోర్టు వాటిని సరళీకరించింది. ఇద్దరు సాక్షుల సమక్షంలో సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారితో ధ్రువీకరింపజేస్తే విల్లు చెల్లుతుంది. దాని ప్రతిని భద్రపరిచేందుకు మున్సిపాలిటీ, పంచాయతీ వంటి స్థానిక సంస్థలు ఒక అధికారిని నియమించాలి. చికిత్స ఆపాలంటే ఆసుపత్రిలోని ప్రాథమిక వైద్య బోర్డు, జిల్లా ముఖ్య వైద్యాధికారి నియమించిన వైద్యుడు సభ్యుడిగా ఉండే రెండో బోర్డు అంగీకరించాలి. మేజిస్ట్రేటుకు సమాచారమివ్వాలి. అంటే ఈ తీర్పు అమలు భారం ఢిల్లీపై కన్నా జిల్లా యంత్రాంగంపైనే ఎక్కువ. విల్లు ఎవరికి అప్పగించాలని మన పంచాయతీ కార్యాలయంలో అడిగితే బదులు చెప్పగలవారు ఎందరు?

పేదరికమే తీర్పు చెబితే..

విల్లు, బోర్డు లేకుండానే చికిత్స ఆగిపోతున్న ఇళ్లు ఎన్నో. వెంటిలేటర్ ఖర్చు భరించలేక, పొలం తాకట్టు పెట్టినా చాలక, ‘మా ఇష్టప్రకారమే తీసుకెళ్తున్నాం’ అని సంతకం చేసి రోగిని ఇంటికి తెచ్చుకునే కుటుంబాలవి. ఆ నిర్ణయం రోగిది కాదు, అప్పుది. ఇంటికి చేరాక నొప్పి తగ్గించే మందు సైతం అందదు. దీన్ని గౌరవప్రదమైన మరణమని ఎలా అనగలం? వృద్ధులు, వికలాంగులు తాము భారమన్న భావనతో ‘నన్ను పోనివ్వండి’ అంటే దాన్ని స్వేచ్ఛగా తీసుకున్న నిర్ణయంగా పరిగణించలేం. కారుణ్య మరణాన్ని వ్యతిరేకించేవారి భయంలో బలమున్నది ఇక్కడే.

అలాగని చట్టాన్ని కాగితాలకే పరిమితం చేయడం పరిష్కారం కాదు. మార్ఫిన్ లభ్యతను సులభతరం చేస్తూ 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. ఉపశమన చికిత్సను ఇంటి వద్దకే తీసుకెళ్లవచ్చని కేరళ నిరూపించింది. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఉపశమన విభాగం, వైద్య బోర్డులకు ముందే సిద్ధం చేసిన నిపుణుల జాబితా, ప్రతి స్థానిక సంస్థలో విల్లులు స్వీకరించే అధికారి ఉండాలి. నొప్పి తీర్చే ఏర్పాటు ఉన్నచోటే ‘ఇక చాలు’ అన్న మాట రోగి సొంత మాట అవుతుంది. ఆ ఏర్పాటు లేనంతకాలం మరణహక్కు డబ్బున్నవారికి వెసులుబాటుగా, లేనివారికి నిస్సహాయతగా మిగిలిపోతుంది.