బరువు దిగింది, భయం దిగలేదు

ఈమధ్య ఏ పెద్ద రోడ్డు మీద చూసినా రెండు ఫొటోల బోర్డు ఒకటి కనిపిస్తోంది. ఎడమ పక్కన లావుపాటి ఆవిడ, ముఖంలో కళ లేదు. కుడి పక్కన అదే ఆవిడ, సన్నగా, నవ్వుతూ. మధ్యలో ఒక బాణం గుర్తు. బరువు తగ్గించే ఆపరేషన్ల ప్రకటన అది. ఎడమ నుంచి కుడికి చేరడానికి ఎన్నాళ్లు పట్టింది, ఆ మధ్యలో ఆవిడ ఏం తింది, రాత్రిళ్లు నిద్రపోయిందా, ఎవరితోనైనా చెప్పుకుందా... ఇవేవీ ఆ బాణం చెప్పదు.

ఇదేదో నాలుగిళ్ల సంగతి అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం మంది ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. అంటే ఇంచుమించు ముగ్గురిలో ఒకరు. వీళ్లందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, నిజమే. కానీ ఆపరేషన్ గది గుమ్మం మాత్రం వెడల్పవుతోంది. ఎత్తుకీ బరువుకీ పొత్తు చూసే బిఎంఐ అనే లెక్క ఒకటుంది కదా! ఆసియా వాళ్లకు అది 27.5 దాటితే ఈ ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చని 2022లో అమెరికా, అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు కలిసి చెప్పాయి. అయిదడుగుల రెండంగుళాల మనిషికి అది సుమారు 68 కిలోలు. మన ఇళ్లలో ఇద్దరు పిల్లల తల్లులు ఎంతమంది ఆ గీత దాటి ఉంటారో మీరే ఆలోచించండి. బీమా కంపెనీల గీత వేరు. 2019 నాటి నిబంధనల ప్రకారం బిఎంఐ 40 ఉండాలి, లేదా తీవ్రమైన జబ్బులతో పాటు 35 అయినా ఉండాలి.

ముందొక అపోహ తొలగించుకుందాం. 2015 జూన్‌లో నటి ఆర్తీ అగర్వాల్ న్యూజెర్సీలో 31 ఏళ్లకే కన్నుమూసినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని వార్తలొచ్చాయి. ఆ తర్వాత చాలా ఇళ్లలో "బరువు ఆపరేషనా? బాబోయ్!" అన్న మాటే వినిపించింది. కానీ లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వును పీల్చి తీసేయడం. అది ఆకారం కోసం చేసేది, ఊబకాయానికి వైద్యం కాదు. బేరియాట్రిక్ సర్జరీ వేరు. అందులో ఒక పద్ధతిలో జీర్ణాశయాన్ని ముప్పాతిక వంతుకు పైగా తీసేసి అరటికాయంత గొట్టంలా మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను కూడా దాంతో తగ్గుతుంది. ఇంకో పద్ధతిలో చిన్న సంచీలా చేసి పేగుకు కలుపుతారు. చాలామందికి షుగరు, బీపీ అదుపులోకొస్తాయి. ప్రాణభయం సంగతంటారా? 2009లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో నెల లోపు మరణాలు వెయ్యికి ముగ్గురు. అసలు లేదనడానికి లేదు, హడలిపోవడానికీ లేదు.

మరి భయం ఎక్కడుంది? ఆపరేషన్ తర్వాత ఉంది.

మూడేళ్ల క్రితం మా చిన్నక్క ఈ ఆపరేషన్ చేయించుకుంది. అప్పుడు 112 కిలోలు. షుగరు, మోకాళ్ల నొప్పులు, రాత్రి ఊపిరాడక లేచి కూర్చోవడం. వెళ్లేటప్పుడు "మళ్లీ కళ్లు తెరుస్తానంటావే?" అంది. తెరిచింది. మొదటి వారాల్లో పల్చటి మజ్జిగ, పప్పుకట్టు, కొబ్బరినీళ్లు, అవీ గుక్కలు గుక్కలుగా. తర్వాత జావ. ఆ తర్వాత చిన్న గిన్నెడు మెత్తటి అన్నం. ఏడాదిన్నరలో 40 కిలోలు తగ్గింది. షుగరు మాత్రలు ఆగిపోయాయి. మేమంతా పండగ చేసుకున్నాం. అక్క మాత్రం పండగ చేసుకోలేదు.

ముద్ద నోట్లో పెట్టుకుంటే లోపల కుట్టు ఊడుతుందేమోనని భయం. నాలుగో నెలలో జుట్టు ఊడుతుంటే ఇంకేదో జబ్బని భయం. (ఒక్కసారిగా బరువు తగ్గినప్పుడు మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు రాలడం మామూలేనట. తర్వాత చాలామందికి మళ్లీ వస్తుంది.) అన్నిటికన్నా పెద్దది, పోయిన బరువు తిరిగొస్తుందేమోనన్న భయం. రోజుకు మూడుసార్లు కాటా ఎక్కేది. అరకిలో పెరిగితే ఆ పూట పస్తు. ఖాళీగా ఉన్న దారిలో కూడా పక్కకు తిరిగి ఒదిగి నడిచేది. బట్టల షాపులో పాత సైజే అడిగేది. ఒకరోజు అంది కదా, "ఏమే, మీరంతా సన్నబడ్డావంటారు. నా అద్దంలో ఇంకా ఆ పాత మనిషే కనిపిస్తోందే!"

ఇది అక్క ఒక్కదాని పిచ్చి కాదు. ఒళ్లు ఏడాదిలో మారుతుంది, మనసులో ఉన్న కొలత అంత తొందరగా మారదు. పైగా మారిన ఒళ్లు బోర్డు మీది ఫొటోలా ఉండదు. చేతుల కింద, పొట్ట మీద చర్మం వేలాడుతుంది. చీర కట్టుకుంటే ఎవరికీ కనపడకపోవచ్చు. స్నానాల గదిలో ఎవరి నుంచి దాచుకుంటాం?

అసలా కొలత మనసులోకి ఎక్కించిందెవరు? మనమే కదూ! పదేళ్ల పిల్లప్పుడు "గుండ్రాయిలా ఉందే" అన్నవాళ్లం, పెళ్లిచూపుల నాడు పమిట నిండుగా కప్పుకోమన్నవాళ్లం, పురుడు పోసుకున్నాక "ఇంకా తగ్గలేదేం?" అన్నవాళ్లం. అదే మనిషి తగ్గి ఎదురుపడితే ఏమంటాం? "ముఖం పీక్కుపోయిందేం? షుగరొచ్చిందా?" అంటాం. లోకులు పలుగాకులని ఊరికే అన్నారా! 2015లో వచ్చిన 'సైజ్ జీరో' సినిమా కోసం అనుష్క లావయినప్పుడు అందరం ఆవిడ సాహసాన్ని మెచ్చుకున్నాం. మన ఎదురింటి లావుపాటి పిల్లను మాత్రం ఆ కంటితో చూడలేకపోయాం.

ఇందులో ఆడా మగా తేడా కూడా ఉంది. 2011లో నితిన్ గడ్కరీ, 2014లో అరుణ్ జైట్లీ ఇలాంటి ఆపరేషనే చేయించుకున్నారు. ఆ వార్తలన్నీ షుగరు జబ్బు చుట్టూనే నడిచాయి. అదే ఒక గృహిణి చేయించుకుంటే "అందం కోసం పొట్ట కోయించుకుందట" అంటారు. అందుకే మా అక్క అందరితో యోగాలో చేరానని చెప్పింది. పాపం ఇద్దరు ముగ్గురు ఆ యోగా మాస్టారి అడ్రసు అడిగారు కూడా! కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని సామెత. నిజంగానే కడుపు కోయించుకున్న ఆడదానికి ఆ సంగతి చెప్పుకునే చోటు కూడా లేకపోతే ఎలా?

ఈ మౌనం ఖరీదు చిన్నది కాదు. కెనడాలోని ఒంటారియోలో ఈ ఆపరేషన్ చేయించుకున్న సుమారు 8,800 మందిని పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితాల్లో, ఆపరేషన్‌కు ముందుకన్నా తర్వాత తమకు తాము హాని చేసుకుని ఆస్పత్రికి వచ్చిన ఘటనలు పెరిగాయి. అలాంటివారు కొద్దిమందే, అయినా పెరిగాయి. స్వీడన్‌లో 2018లో వెలువడిన మరో పరిశీలనలో, ఆపరేషన్ తర్వాత ఒంటరివాళ్లు పెళ్లి చేసుకోవడమూ ఎక్కువే, జంటలు విడిపోవడమూ ఎక్కువే. అంటే మారేది పొట్ట ఒక్కటే కాదు, ఇల్లంతా. మనం సిద్ధం చేసేది మాత్రం పొట్టనే.

కాబట్టి ఈ ఆపరేషన్ గురించి ఆలోచిస్తున్నవారు ఖర్చు ఎంతని అడిగినట్టే ఇంకొన్ని అడగండి. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం ఏ లెక్కన వేసుకోవాలి? రక్తపరీక్షలు ఎన్నాళ్లకోసారి? మనసు బాగాలేనప్పుడు మాట్లాడే నిపుణులు ఆస్పత్రిలో ఉన్నారా, ఆపరేషన్ అయ్యాక కూడా ఉంటారా? పెళ్లి సంబంధం కుదరాలని పిల్లను తీసుకెళ్లే తల్లులు ఇంకొకటి కూడా తెలుసుకోవాలి. ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం వద్దంటారు డాక్టర్లు. ఆ మాట అవతలివాళ్లకు చెప్పగలరా? చెప్పలేని పెళ్లి కోసం పిల్ల పొట్ట మీద కత్తి పెట్టించడం న్యాయమేనా?

ఇంట్లోవాళ్లు చేయవలసినదీ ఉంది. మన ఇళ్లలో ప్రేమంటే కొసరి కొసరి వడ్డించడమే. "నామీద ఒట్టు, ఇంకొక్క గరిటె" అనే ఆ ప్రేమ ఈ మనిషికి వాంతి తెప్పిస్తుంది. గిన్నె చిన్నదైతే చిన్నదే. పక్కన కూర్చుని ఆవిడ తినేదాకా ఆగితే చాలు. మా బావగారు చేసిన మంచి పనులు రెండే. కాటా బీరువాలో పెట్టి తాళం వేసి వారానికోసారి తీయడం, రోజూ అక్కతో కలిసి కూర్చుని నెమ్మదిగా తినడం. ఆ తర్వాత మనసు డాక్టరు దగ్గరికి కూడా ఇద్దరూ వెళ్లారు. ఆవిడ సలహా మీద అక్క పాత జాకెట్లన్నీ ఒక్కొక్కటే తీసి కుట్లు విప్పి, తన కొలతకు తనే కుట్టుకుంది. అన్ని జాకెట్లూ పూర్తయ్యేసరికి అద్దంలో కొత్త మనిషి కొద్దికొద్దిగా కనిపించడం మొదలైందట. ఇప్పటికీ కొన్ని రోజులు భయపడుతుంది. కానీ దాచుకోవడం లేదు, చెబుతుంది.

చెప్పుకునేందుకు ఎవరూ లేనివారికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ ఉంది. 14416కు ఫోను చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

కొత్తగా బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా 2025లో మన మార్కెట్లోకి వచ్చాయి. ఒళ్లు తగ్గే దారులు ఇంకా పెరుగుతాయి. ఒంటిని చూసే మన చూపు మారకపోతే ఏ దారిలో వెళ్లినా భయం వెంటే వస్తుంది. ఈసారి ఏ పెళ్లిలోనో సన్నబడిన స్నేహితురాలు కనిపిస్తే "ఎలా తగ్గావే?" అని కాక, "ఎలా ఉన్నావే?" అని అడిగి చూడండి. జవాబు చెప్పడానికి ఆవిడ ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తుండవచ్చు.