అందరికీ ఒకేసారి చెప్పడానికి అందరి పేర్లూ ఎందుకు?

విద్యార్థులారా! 2025 జనవరి 25, 26 తేదీలలో అహమ్మదాబాదులోని నరేంద్ర మోదీ స్టేడియంలో కోల్డ్‌ప్లే అనే ఇంగ్లండు సంగీత బృందం కచేరీలు చేసింది. రోజుకు లక్షకు పైగా జనం వచ్చారు. వారి ముంజేతులకు దీపాలున్న చిన్న పట్టీలు కట్టారు. పాట సాగుతున్నంతసేపూ ఆ దీపాలు పాటకు తగినట్లు రంగులు మార్చుకుంటూ వెలిగాయి, ఆరాయి.

అన్ని దీపాలు ఒకేసారి ఎలా వెలిగాయా అని మీరు ఆశ్చర్యపడి ఉంటారు. ఆశ్చర్యం మంచిదే. కాని ఇంకొక ప్రశ్న కూడా వేసుకోండి. ఏ పట్టీ ఎవరి చేతికి ఉన్నదో ఆ దీపాలను వెలిగించే యంత్రానికి తెలియాలా? అక్కరలేదు. ఈ చిన్న సంగతిలో మనం నేర్చుకోవలసిన పెద్ద పాఠం ఉన్నదని నా అభిప్రాయం.

మొదట ఒక లెక్క చూద్దాం. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. వేదికకు 170 మీటర్ల దూరంలో కూర్చున్న మనిషికి పాట అర సెకను ఆలస్యంగా వినిపిస్తుంది. పాట విని ఎవరికి వారు దీపం వెలిగిస్తే ముందువారికీ వెనుకవారికీ పొత్తు కుదరదు. కాంతి అలా కాదు. సెకనుకు సుమారు 30 కోట్ల మీటర్లు పోతుంది. ఆ 170 మీటర్లు దాటడానికి దానికి సెకనులో పది లక్షవ వంతు కూడా పట్టదు. రేడియో తరంగాల వేగమూ అంతే. అందుకే ఇటువంటి పట్టీలలో కొన్నింటికి రేడియో తరంగాలతోనూ, కొన్నింటికి పరారుణ కిరణాలతోనూ ఆజ్ఞలు పంపుతారు. పట్టీలో ఉండేది ఆజ్ఞ అందుకునే చిన్న భాగం, ఒక చిప్పు, రెండు మూడు దీపాలు, ఒక బ్యాటరీ, అంతే.

పరారుణ కిరణాలు మీకు కొత్తవి కావు. మీ ఇంట్లో టి.వి. రిమోట్ పనిచేసేది వాటితోనే. ఒక పని చేసి చూడండి. రిమోట్ కొనను ఫోన్ కెమెరా వైపు తిప్పి బటన్ నొక్కండి. కంటికి కనిపించని మెరుపు చాలా ఫోన్ల తెరమీద కనిపిస్తుంది. ఒక కెమెరాలో కనిపించకపోతే అదే ఫోన్‌లోని రెండవ కెమెరాతో ప్రయత్నించండి. రిమోట్ మీ టి.వి.ని నీ పేరేమిటని అడగదు గదా! ఆజ్ఞను వెదజల్లి ఊరుకుంటుంది. అందుకోగలిగినది అందుకుంటుంది. దీనినే ప్రసారం అంటాము.

సభలో ఉన్నవారికి సభ గురించే ప్రసారం చేయడం కొత్త సంగతి కాదు. మా చిన్నతనంలో క్రికెట్ మైదానానికి వెళ్ళేవారు ట్రాన్సిస్టర్ రేడియో వెంట తీసుకుపోయేవారు. ఆట ఎదురుగా చూస్తూ వ్యాఖ్యానం చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. ఎవరు వింటున్నారో రేడియో కేంద్రానికి తెలియదు. అయినా వ్యాఖ్యానం అందరికీ ఒకేసారి అందేది.

సంగీత నాటకశాలలూ ఈ పని చేశాయి. కెనడాలోని టొరాంటోలో 1983లో పరభాషా సంగీత నాటకాన్ని ప్రదర్శిస్తూ, పాటల అర్థాన్ని వేదిక పైన అక్షరాలలో చూపించారు. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఒపేరా 1995లో ప్రతి కుర్చీ వీపుకూ ఒక చిన్న తెర బిగించింది. కావలసినవారు మీట నొక్కి చదువుకోవచ్చు, వద్దనుకున్నవారు ఆర్పుకోవచ్చు. ఇక 2022లో ప్రకటించిన ఆరాకాస్ట్ అనే బ్లూటూత్ పద్ధతిలో ఒక్క యంత్రం నుండి వచ్చే ధ్వనిని దానికి తగిన వినికిడి యంత్రాలు ఎన్ని ఉంటే అన్నీ ఒకేసారి అందుకోగలవు. దీపాల పట్టీ చూసి ముచ్చటపడే మనం, వినికిడి తక్కువైన తోటి విద్యార్థికి సభలో మాట అందించే ఈ పరికరాలను చూసి ఇంకా ఎక్కువ ముచ్చటపడాలి.

ఇప్పుడు రెండవ వైపు చూడండి. ఏదైనా సభలో "మా ఆప్ దించుకోండి, పేరు రాయండి, ఫోన్ నంబరు ఇవ్వండి, మైకు వాడుకోనివ్వండి" అన్నారనుకోండి. మైకు ఎందుకని అడుగుతారేమో. సెకనుకు 18,000 నుండి 20,000 కంపనాలున్న ధ్వనిలో సంకేతం దాచి, దానిని ఫోన్ మైకుతో పట్టుకునే పద్ధతి ఒకటి ఉన్నది. నా వయసువారికి ఆ ధ్వని వినిపించదు. మీలో కొందరికి సన్నని ఈల లాగా వినిపించవచ్చు. ఫోన్లను పాటతో కలపడానికి ఇది తెలివైన ఉపాయమే. కాని అదే మైకు మీరు ఎక్కడ ఉన్నారో, ఏ ప్రకటన చూస్తున్నారో కనిపెట్టడానికీ పనికివస్తుంది. టి.వి. ప్రకటనలలోని ఇటువంటి సంకేతాలను పట్టుకునే ఏర్పాటు ఉన్నదని 2016 మార్చిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 12 మంది ఆప్ తయారీదారులకు హెచ్చరిక లేఖలు పంపింది.

"ప్రేక్షకులు కూడా జవాబు చెప్పాలంటే వారి నుండి సమాచారం రావాలి గదా, మాస్టారూ?" అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. క్విజ్ పోటీలో సభికుల అభిప్రాయం కావాలంటే జవాబులు తిరిగి రావాలి. కాని అక్కడ కావలసింది ఎంతమంది అవునన్నారు, ఎంతమంది కాదన్నారు అన్న లెక్క. లెక్కకు పేర్లు అక్కరలేదు. ఓటు పెట్టెలో వేసే కాగితం మీద మనం పేరు రాయము గదా!

పైగా జనసమూహంలో ప్రసారమే నమ్మకమైనది. వేలమంది ఒకేచోట ఫోన్లు వాడితే నెట్‌వర్క్ స్తంభించడం మీరు చూసే ఉంటారు. ప్రతి ఫోన్‌తోనూ టవరు విడివిడిగా మాట్లాడాలి. దానికున్న దారులు పరిమితం. 2023లో మన దేశంలో కేంద్ర టెలికాం శాఖ పరీక్షగా పంపిన అత్యవసర హెచ్చరిక ఎన్నో ఫోన్లలో ఒక్కసారిగా పెద్దగా మోగింది. దానిని ఒక్కొక్క నంబరుకూ వేరుగా పంపలేదు. టవరు పరిధిలో ఉన్న ఫోన్లన్నింటికీ ప్రసారం చేశారు. తొక్కిసలాట భయం ఉన్నచోట ప్రాణాలు కాపాడగలిగేది ఇటువంటి ప్రసారమే.

కాబట్టి నా మాట ఇది. సభలో సమాచారం ఇచ్చేవారు, తీసుకునేవారి నుండి ఏమీ అడగకుండా ఇవ్వగలిగితే అలాగే ఇవ్వాలి. ఏదైనా అడిగితే కారణం చెప్పాలి. మీరు కూడా పేరో నంబరో ఇచ్చే ముందు "ఇది లేకుండా ఈ పని జరగదా?" అని ప్రశ్నించండి. జరుగుతుందని తేలితే ఇవ్వకండి. ప్రశ్నించడం అమర్యాద కాదు. విజ్ఞానశాస్త్రం మనకు మొదట నేర్పేది అదే.