పదకొండు నెలల కాగితంతో కొట్టు అద్దెదారులకు ఇక్కట్లు

పంట డబ్బో, బంగారం కుదువపెట్టి తెచ్చిన అప్పో పెట్టుబడిగా మండల కేంద్రాల్లో కొట్లు తెరుస్తున్న గ్రామీణులు అరలకు, రంగులకు చూపే శ్రద్ధ అద్దె కాగితంపై చూపడం లేదు. యజమాని తెచ్చిన స్టాంపు కాగితంపై చదవకుండానే సంతకం చేస్తున్నారు. తీరా వ్యాపారం కుదురుకున్నాక ఖాళీ చేయమంటే లబోదిబోమంటున్నారు.

కొట్టు అద్దె ఒప్పందాలు ఎక్కువగా పదకొండు నెలలకే రాయడానికి కారణం లేకపోలేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకొనేందుకే ఈ పద్ధతి. అయితే దాని మూల్యం చెల్లించేది అద్దెదారే. గడువు తీరాక కాగితం తిరగరాసుకోకుండా నెలనెలా అద్దె కడుతుంటే అది నెలవారీ అద్దె కిందికి వస్తుంది. వేరే షరతు లేకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను కింద పదిహేను రోజుల నోటీసుతో దాన్ని రద్దు చేయవచ్చు. మూడేళ్లకని రాసుకొని నోటరీ చేయించినా, రిజిస్టరు కాకపోతే ఆ గడువు కోర్టులో నిలవదు.

లక్షలు పోసి అరలు బిగించి, ఊళ్లో సగం మందికి ఖాతా పెట్టిన కిరాణా వ్యాపారి పదిహేను రోజుల్లో సరుకెక్కడికి తరలిస్తాడు? బాకీలెలా వసూలు చేసుకుంటాడు? కొద్దిపాటి సరుకుతో మొదలుపెట్టేవారికి పదకొండు నెలల కాగితం సరిపోవచ్చు. భారీగా ఖర్చు పెట్టేవారు మూడేళ్లకో, అయిదేళ్లకో రిజిస్టరు చేయించుకోవడమే మేలు. కట్టడం అమ్ముడుపోయినా కొన్నవారు ఆ గడువుకు కట్టుబడి ఉండవలసిందే.

సంతకానికి ముందు చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. అద్దెకిచ్చేవారు అసలు యజమానేనా, అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తా అన్నది విచారించాలి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఇ.సి. తీస్తే రిజిస్టరయిన అమ్మకాలు, తాకట్లు బయటపడతాయి. పంచాయతీ కొట్టును వేలంలో పాడుకున్నవారు మారు అద్దెకిస్తుంటే, వేలం షరతులు అందుకు ఒప్పుకుంటాయో లేదో కనుక్కోవాలి.

కరెంటు మీటరు సంగతి చాలామంది మరచిపోతున్నారు. ఇంటి కనెక్షనుతో కొట్టు నడిపితే, 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద రెట్టింపు రేటుతో లెక్కగట్టి, కరెంటు వాడుకున్నవారి నుంచీ వసూలు చేయవచ్చు. పాత బకాయిలు లేవని తాజా బిల్లు చూసి రూఢి చేసుకోవాలి.

అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, కట్టడం చేతులు మారితే ఎవరిస్తారు, ఏటా అద్దె ఎంత పెంచుతారు, షట్టరు మరమ్మతు ఎవరిది, బిగించిన అరలు ఎవరికి చెందుతాయి అన్నవి కాగితంలో ఉండాలి. అద్దెకు ప్రతి నెలా రసీదు తీసుకోవాలి.

ఎక్కువ కాలానికి రాసిస్తే ఖాళీ చేయరన్నది యజమానుల భయం. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేము. షరతులు స్పష్టంగా ఉన్న కాగితం వారికీ రక్షణే. ముఖపరిచయంతో కుదిరిన బేరంలో కాగితం అడగడం నామోషీ అనుకొంటున్న అద్దెదారులు, అడ్వాన్సు చేతులు మారిన తర్వాత అడిగినా ప్రయోజనం ఉండదని గుర్తించాలి.