ఆ అరగంట ముందే తీసిపెట్టండి!

నెల మొదట్లో డబ్బు చేతికి రాగానే పోపుల డబ్బాలో కాస్త దాచే అలవాటు మనలో చాలామందికి ఉంది. అమ్మమ్మల దగ్గర్నుంచి వస్తున్న అలవాటది. ఖర్చులన్నీ పోగా మిగిలింది దాచుకుందామంటే ఎప్పుడైనా మిగిలిందా, చెప్పండి? పాలు, కిరాణా, కరెంటు బిల్లు, స్కూలు ఫీజు, ఇంటికొచ్చిన చుట్టాలు... అన్నీ అయ్యేసరికి డబ్బాలో మిగిలేవి ఆవాలు, మెంతులే! అందుకే తెలివైన ఇల్లాలు ముందు దాస్తుంది, తర్వాత ఖర్చు పెడుతుంది.

డబ్బు విషయంలో ఇంత నేర్పు చూపించే మనం కాలం దగ్గరికొచ్చేసరికి తడబడతాం. 'పనులన్నీ అయ్యాక పిల్లల దగ్గర తీరిగ్గా కూర్చుంటాను' అనుకుంటాం. ఇంటిపని అవడమంటూ ఉంటుందా? అంట్లు తోమి బోర్లించేలోగా కాఫీ గ్లాసులు సింకులో పడతాయి. ఆరిన బట్టలు తెచ్చేలోగా విడిచిన బట్టలు సిద్ధం. ఈలోగా చిన్నాడు డ్రాయింగు పుస్తకం పట్టుకొచ్చి 'అమ్మా, ఇటు చూడవే' అంటాడు. 'ఉండు నాన్నా, పొయ్యి మీద పాలున్నాయి' అంటాం. అదేమీ అబద్ధం కాదు, పాలు నిజంగానే ఉన్నాయి. కానీ పాలు దించాక పోపు, పోపయ్యాక గ్యాసు గట్టు తుడవడం, అదయ్యాక రేపటికి పప్పు నానబెట్టడం! మనం చేతులు తుడుచుకుని వచ్చేసరికి వాడు పుస్తకం పక్కన పెట్టి నిద్రపోయి ఉంటాడు.

ఇది మీ ఒక్కరి ఇంటి కథేం కాదు. కేంద్ర ప్రభుత్వం 2024లో దేశమంతటా జరిపిన 'టైమ్ యూజ్ సర్వే' ప్రకారం, ఇంట్లోవాళ్ల కోసం జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు అందులోనే గడుపుతున్నారు. అంటే దాదాపు అయిదు గంటలు! ఆ పనులు చేసే మగవాళ్లు గడిపేది 88 నిమిషాలు. 2019లో ఇదే సర్వే జరిగినప్పుడు ఆడవాళ్లకి 299, మగవాళ్లకి 97 నిమిషాలు తేలాయి. అయిదేళ్లలో మనకి పది నిమిషాలు తగ్గితే వాళ్లకీ తొమ్మిది నిమిషాలు తగ్గాయన్నమాట!

గ్యాసు వచ్చింది, మిక్సీ వచ్చింది, కొన్ని ఇళ్లలో వాషింగ్ మెషిన్ కూడా వచ్చింది. రోలు, రుబ్బురోలు పెరట్లో మూలన పడ్డాయి. మరి తీరిక ఎందుకు రాలేదు? చేతుల శ్రమ తగ్గింది గానీ తలలోని పని తగ్గలేదు. ఎవరి బాక్సులో ఏం పెట్టాలి, ఏ రోజు ఏ యూనిఫాం, గ్యాసు ఎప్పుడు బుక్ చేయాలి, మామగారి బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయి... ఇవన్నీ గుర్తుపెట్టుకునే మిషను ఇంట్లో అమ్మ ఒక్కర్తే! అందుకే పిల్లల పక్కన కూర్చున్నా మనసు వంటింట్లోనే తిరుగుతుంటుంది.

కాబట్టి పనులయ్యాక మిగిలే కాలం కోసం ఎదురుచూడకండి. రోజుకో అరగంట ముందే తీసి దాచేయండి. మిగతా కాలంలోనే పనులు సర్దండి. ఎలాగంటారా?

కదిలేవి, కదలనివి

మీ పనుల్ని ఓ కాగితం మీద రెండు వరసలుగా రాయండి. మొదటి వరసలో కదలని పనులు, అంటే వేళ తప్పితే కుదరనివి. కుళాయి నీళ్లు, స్కూలు బస్సు, టిఫిను, బాక్సులు, రాత్రి వంట. రెండో వరసలో కదిలే పనులు. ఇస్త్రీ, బూజులు దులపడం, ఫ్రిజ్ తుడవడం, పిండి పట్టించుకు రావడం, అలమార సర్దడం.

కదిలే పనులన్నీ రోజూ కాస్త కాస్త చేయబోతేనే వస్తుంది చిక్కంతా. రోజుకొక్కటే పెట్టుకోండి. సోమవారం ఇస్త్రీ, మంగళవారం ఫ్రిజ్, బుధవారం బాత్‌రూములు... ఇలా. పాల లెక్క రాసుకునే క్యాలెండరు గడిలోనే ఆ పని పేరు రాసేయండి. ఇక ఫ్రిజ్‌లో కరివేపాకు వాడిందని గురువారం నాడు కనిపించినా కంగారు పడక్కర్లేదు. దాని రోజు మంగళవారం!

ఇప్పుడు అసలు సంగతి. ఆ అరగంటని తీసుకెళ్లి కదలని పనుల వరసలో రాయండి. కుళాయి వచ్చే వేళకి మీరు ఇంకో పని పెట్టుకోరు కదా, ఇదీ అంతే. ఏ వేళ అన్నది మీ ఇంటిని బట్టి ఉంటుంది. చిన్నపిల్లలైతే బడి నుంచి రాగానే మంచిది. కడుపులో ఉన్న కబుర్లన్నీ బూట్లు విప్పుతూనే చెప్పేస్తారు. గంట ఆగితే మర్చిపోతారు. పెద్దపిల్లలకీ, ఉద్యోగం చేసే తల్లులకీ రాత్రి భోజనం వేళ వీలుగా ఉంటుంది.

సాయంత్రం వంట తేలికవ్వాలంటే...

ఆ అరగంట దొరకాలంటే సాయంత్రం వంటకి పట్టే సమయం తగ్గించుకోవాలి. దానికి చిన్న చిన్న ఉపాయాలు చాలు.

ఆదివారం ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ లెక్కన కాస్త ఎక్కువే పిండి కలిపి పెట్టుకోండి. రాత్రంతా పులిశాక ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులకి ఢోకా ఉండదు. మొదటి రోజు ఇడ్లీ, మర్నాడు దిబ్బరొట్టె, మూడోరోజు ఉల్లిపాయ, పచ్చిమిర్చి ముక్కలు కలిపి ఊతప్పం. పిండి ఒకటే అయినా పిల్లలకి మూడు రకాలు!

ఒక సీసాడు కందిపొడి ఎప్పుడూ ఇంట్లో ఉంచండి. కప్పు కందిపప్పు, పావు కప్పు శనగపప్పు, ఎనిమిది ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర విడివిడిగా నూనె లేకుండా దోరగా వేయించి, చల్లారాక ఉప్పు వేసి పొడి కొట్టుకోవడమే. తడి తగలకపోతే నెల రోజులు నిలవుంటుంది. వేడన్నంలో కందిపొడి, నెయ్యి, పక్కన చారు ఉంటే రాత్రి భోజనానికి రెండో కూర అక్కర్లేదు.

ఆకుకూర తెచ్చిన రోజే వేళ్లు కోసి, బాగుచేసి, కడక్కుండా కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. తరిగే ముందు కడిగితే చాలు. అల్లం వెల్లుల్లి ముద్దలో కాస్త ఉప్పు, చెంచాడు నూనె కలిపితే వారం రోజులు వస్తుంది. కందిపప్పు అరగంట ముందు నానబెడితే కుక్కర్లో తొందరగా మెత్తబడుతుంది, గ్యాసూ కలిసొస్తుంది.

సాయం అడక్కండి, పనే అప్పగించండి

'ఏమండీ, కాస్త సాయం చేయరూ' అన్నామంటే ఆ పని మనదేనని ఒప్పుకున్నట్టే. పైగా ప్రతిసారీ గుర్తుచేయడం మనవంతు. 'గ్యాసు బుక్ చేశారా?' 'చేస్తాన్లే.' 'చేశారా?' ఇలా నాలుగుసార్లు అడిగేకన్నా మనమే చేసుకుంటే నయమనిపిస్తుంది. అక్కడే మోసపోతాం.

పనితోపాటు దాన్ని గుర్తుపెట్టుకునే బాధ్యత కూడా అప్పగించండి. గ్యాసు, కరెంటు బిల్లు, పిల్లల స్కూలు వాట్సాప్ గ్రూపు శ్రీవారివి అనుకుంటే ఇక మీరు వాటి ఊసెత్తకండి. రేపు రంగు చొక్కా వేసుకురావాలన్న మెసేజీ ఆయన చూసుకోకపోతే, మర్నాడు పొద్దున్న ఆ హడావిడి కూడా ఆయనదే! ఒకటి రెండుసార్లు ఇబ్బంది పడతారు. ఆ తర్వాత ఆయనకే అలవాటవుతుంది.

పిల్లల విషయమూ అంతే. నాలుగేళ్లవాడు బొమ్మలు బుట్టలో వేయగలడు. ఆరేళ్ల పిల్ల మంచాలకి దుప్పట్లు సర్దగలదు, కంచాలు, మంచినీళ్లు పెట్టగలదు. ఎనిమిదేళ్లొస్తే బఠాణీలు వలవడం, చేతిరుమాళ్లు మడతపెట్టడం, మొక్కలకి నీళ్లు పోయడం. పన్నెండేళ్లకి మీరు పక్కనుంటే కూరలు తరగడం, టీ పెట్టడం కూడా వచ్చేస్తాయి. ఇందులో ఆడపిల్ల పనులూ మగపిల్లాడి పనులూ అని వేరే లేవు. ఇవాళ కంచం తీయని కొడుకు రేపు ఇంకో ఇంటి అమ్మాయి చేత తీయిస్తాడు. ఆ అమ్మాయికి మనం పెట్టే కష్టం అది!

ఒక్క మాట. వాడు మడతపెట్టిన తువ్వాలు వంకరగా ఉంటే ఉండనివ్వండి. వాడి కళ్లముందే విప్పి మళ్లీ మడత పెట్టారో, రేపట్నుంచి ఆ పని మీదే!

ఇంట్లో అత్తగారున్నారనుకోండి. 'అత్తయ్యా, ఈ చిక్కుడుకాయలు మీరూ బాబూ కలిసి వలుస్తారా?' అని అడిగి చూడండి. కాయలు వలవడం ఎలాగూ అవుతుంది, ఆవిడ చిన్నప్పటి కబుర్లు మనవడికి చేరతాయి. అయితే పిల్లల్నీ పనినీ మొత్తం ఆవిడ మీదే వదిలేయకూడదు. ఆవిడ కూడా ఒక జీవితకాలం ఆ 289 నిమిషాలు మోసినావిడే కదా!

ఆ అరగంటలో ఏం చేయాలి?

ప్రత్యేకంగా ఏమీ చేయక్కర్లేదు. హోంవర్కు వద్దు, మార్కుల మాట వద్దు. ఫోన్లన్నీ ఒక పళ్లెంలో పెట్టి టీవీ మీదో అలమార మీదో ఉంచండి. మీదీ, ఆయనదీ కూడా!

'ఇవాళ బడిలో ఏం చెప్పారు?' అంటే 'ఏం లేదు' అంటారు. 'మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు నీ పక్కన ఎవరు కూర్చున్నారు?' 'ఇవాళ క్లాసులో అందరూ దేనికి నవ్వారు?' అని అడిగి చూడండి. కబుర్లు వాటంతటవే వస్తాయి. మాటలు రాని రోజున అష్టాచెమ్మా, వైకుంఠపాళి ఉండనే ఉన్నాయి.

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మాట్లాడరు. చేతులకి పని ఉంటే మాట్లాడతారు. చింతచిగురు బాగుచేస్తూనో, బట్టలు మడతపెడుతూనో పక్కపక్కన కూర్చోండి. కళ్లలోకి చూడక్కర్లేని ఆ వేళలోనే మనసులో మాట బయటికొస్తుంది.

ఇక అస్సలు వీలుకాదనేవారికి ఓ సులువైన దారి. అందరికీ వడ్డించి ఆఖర్న ఒక్కరే తినే అలవాటు మానండి. గిన్నెలన్నీ మధ్యలో పెట్టి, ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకుంటూ అందరూ ఒకేసారి కూర్చోండి. కొత్తగా ఒక్క నిమిషం వెచ్చించకుండానే రోజుకి ఇరవై నిమిషాలు దొరుకుతాయి. మీరూ వేడన్నం తింటారు!

కొన్ని పనులు వదిలేయాలి

ఎంత సర్దినా అన్నీ ఇమడవు. ఇంట్లో కట్టుకునే బట్టలకి, దుప్పట్లకి ఇస్త్రీ ఎందుకు? రాత్రికి రెండు కూరలెందుకు? ఇల్లు అద్దంలా లేకపోతే వచ్చినవాళ్లు ఏమనుకుంటారో అన్న బెంగ కాస్త తగ్గించుకుందాం. వచ్చేవాళ్లింట్లోనూ కుర్చీ మీద బట్టలుంటాయి!

జ్వరాలు, చుట్టాలు, పండగలు వచ్చినప్పుడు ఈ లెక్కంతా తప్పుతుంది. అప్పుడు ఆ అరగంటని పనిలోనే కలిపేయండి. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు పుస్తకాల అర పిల్లలకి అప్పగించండి. ఆవకాయ పెట్టేరోజున కడిగిన మామిడికాయల్ని పొడిబట్టతో తడి లేకుండా తుడిచే పని వాళ్లదే చేయండి. ఆ యేడు ఆవకాయ 'మేం పెట్టిందే' అని వాళ్లు ఊరంతా చెప్పుకుంటారు.

ఇంత పట్టుబట్టి ఆ అరగంట దాచడం ఎందుకంటారా? దాచిన డబ్బు విలువ కష్టకాలంలోనే తెలుస్తుంది. ఇదీ అంతే. అయిదేళ్లప్పుడు బడిలో పెన్సిలు పోయిందన్న కబురు మనం చెవిన పెడితే, పదిహేనేళ్లప్పుడు ఎవరో వెంటపడి వేధిస్తున్నారన్న సంగతీ, పరీక్ష పోయిందన్న భయమూ మన దగ్గరికే వస్తాయి. చిన్న కబుర్లు వినడానికి తీరిక లేని అమ్మకి పెద్ద కబుర్లు చెప్పాలని పిల్లలకి తోచదు. అప్పుడు మనం ఎంత తీరిక చేసుకుని తలుపు దగ్గర నిలబడినా, లోపల గడియ పడే ఉంటుంది.

ఈ వారం క్యాలెండరు తీసి ఒక్కో గడిలో ఒక్కో పని రాయండి. రోజూ ఒకే వేళకి అరగంట వదలండి. ఏడు రోజుల్లో నాలుగు రోజులు కుదిరినా మీరు గెలిచినట్టే. ఏ పని ఎవరికి అప్పగించాలన్నది మాత్రం మీరొక్కరే కూర్చుని నిర్ణయించకండి. ఇవాళ రాత్రి భోజనాల దగ్గరే అందరి ముందూ ఆ కాగితం పెట్టండి. మొదటి అరగంట దాంతోనే గడిచిపోతుంది. ఏమంటారు?