వేలిముద్ర ఒప్పుదల కాదు

మా గూడలకు ప్రశ్నల కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లకు కొదవ లేదు. పోడు ఎన్ని ఎకరాలు, జీడిపిక్కలు ఎంతకు అమ్మారు, పురుడు ఇంట్లోనా ఆసుపత్రిలోనా, చిల్లంగిని నమ్ముతారా, ఇంట్లో ఎవరెవరు తాగుతారు? అడుగుతారు, రాసుకుంటారు, ఫొటోలు తీసుకుంటారు, బండెక్కి పోతారు. రాసినదేమిటో తిరిగొచ్చి చెప్పినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "ఏటి రాసుకుంటున్నావు బాబూ?" అని మా ముసలమ్మ అడిగితే "మీ మంచికేనమ్మా" అంటారు. ఆ మంచి ఏమిటో మాత్రం చెప్పరు.

పరిశోధన వద్దని మేము అనడం లేదు. మా భాషల గురించి, మా భూముల గురించి, మా పిల్లల చదువు గురించి రాయవలసింది ఎంతో ఉంది. మా తగువంతా అడిగే పద్ధతితోనే.

"ఒప్పుకున్నట్టు సంతకం తీసుకున్నాం కదా" అంటారు. సంతకం కథ ఏజెన్సీలో వేరు. షావుకారు చాపిన కాగితం మీద వేలిముద్ర వేసి మా తాతలు కొండవాలు భూములు పోగొట్టుకున్నారు. అలాంటి బదిలీలను అడ్డుకోవడానికే 1917లో ఒక చట్టం, 1959లో రెగ్యులేషన్, 1970లో దానికి సవరణగా 1/70 వచ్చాయి. కాగితం మీద వేలిముద్ర ఉన్నా గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి చెల్లదని చట్టమే చెప్పింది. భూమి విషయంలో చాలని వేలిముద్ర, మనిషి మాట విషయంలో ఎలా చాలుతుంది?

పేరు అడిగినా మా పెద్దలకు గుండె జారుతుంది. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న హతమైన తర్వాతి సంవత్సరాలు చూసిన ఊళ్లివి. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎవరు అన్నం పెట్టారు అన్న ప్రశ్నల వెనక ఏముండేదో వాళ్లకు తెలుసు. ఆ పెద్దాయన మీ ప్రశ్నకు తలూపితే అది ఒప్పుదలో భయమో తేల్చుకోవలసిన బాధ్యత అడిగేవాడిది.

వేరే జిల్లాలో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసి అధ్యయనం చేశాయి. వాళ్లలో హాస్టల్ పిల్లలు చాలామంది. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. టీకా వేయించుకున్నవారిలో కొందరు చనిపోయారు. ఆ చావులకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. తేలింది వేరే సంగతి. పరిశీలించిన 9,543 ఒప్పుదల కాగితాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. బిడ్డ ఒకరిది, సంతకం మరొకరిది!

అది సూది, ఇది ఉత్త ప్రశ్నే కదా అంటారేమో. ప్రశ్న కూడా హాని చేస్తుంది. ఇరవై ఇళ్ల గూడలో పేరు మార్చి రాసినంత మాత్రాన మనిషి దాగడు. "సీతంపేట దగ్గరి సవర గూడలో, మొగుడు పోయిన ఒక ఆశా కార్యకర్త" అని రాస్తే ఆమె ఎవరో సంతలో అందరికీ తెలుస్తుంది. పోడు ఎక్కడ కొట్టారో చెప్పినవాడి మీద అటవీ కేసు పడొచ్చు. మొగుడి తాగుడు గురించి చెప్పిన ఆడమనిషి ఆ రాత్రి అదే ఇంట్లో పడుకోవాలి.

అందుకే కొండ ఎక్కకముందే కొన్ని తేల్చుకోవాలి. ఏ భాషలో అడుగుతారు? సవర మాత్రమే బాగా వచ్చిన అవ్వను తెలుగులో అడిగి, మాట్లాడలేదని రాయడం అన్యాయం. మాట మార్చి చెప్పేది ఎవరు? రేషనూ పింఛనూ చేతిలో ఉన్న మనిషిని పక్కన కూర్చోబెడితే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? ఏ కాలంలో వస్తారు? జీడిపిక్కలు ఏరే రోజున సగం పూట తీసుకుంటే ఆ సగం కూలి ఎవరిస్తారు? ముందు ఊరి సభలో చెప్పాలి. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. నాయకుడు ఒప్పుకుంటే ఊరంతా ఒప్పుకున్నట్టు కాదు, మొగుడు ఒప్పుకుంటే పెళ్లాం ఒప్పుకున్నట్టు కాదు. మధ్యలో ఆపేయొచ్చని, దానివల్ల ఏ పథకమూ పోదని స్పష్టంగా చెప్పాలి. అచ్చుకు ముందు తెచ్చి చదివి వినిపించాలి.

ఇది అసాధ్యమా? పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు ముందు సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు బడి పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో వచ్చింది. అంటే దశాబ్దాల ఓపిక. దక్షిణాఫ్రికాలో శాన్ ప్రజలు 2017లో తమ దగ్గరకొచ్చే పరిశోధకులకు తామే నియమావళి రాసిచ్చారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ, పద్ధతి అన్నవే అందులో మూలసూత్రాలు. వాళ్లు రాయగలిగితే జాతాపులు, సవరలు, గదబలు, కొండదొరలు ఎందుకు రాయలేరు?

మాస్టార్లకు ఒక మాట. ఎవరో కాగితం పట్టుకుని బడికొస్తే పిల్లల్ని వరసలో నిలబెట్టకండి. తల్లిదండ్రులకు కబురు పెట్టండి. వాళ్లు సరేనన్నా పిల్ల వద్దంటే వదిలేయండి.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇంకా గట్టిగా చెప్పాలి. 2019 నుంచి విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. ఇక నోట్‌బుక్కు మన చేతిలోకీ వస్తుంది. మనవాళ్లమే కదా, అడిగేదేముంది అనుకుంటే మనమూ ఆ బండెక్కిపోయినవాళ్లమే. నిజానికి మనకే ఎక్కువ జాగ్రత్త కావాలి. పైవాడికి కాదనే అత్త, మేనల్లుడికి కాదనలేదు. ఎజ్జోడు మనల్ని నమ్మి చెప్పిన మంత్రం, అమ్మమ్మ చూపించిన వేరుమందు మన డిగ్రీ కోసం చెప్పినవి కావు. అచ్చు వేయొచ్చా అని మళ్లీ అడగాలి. వద్దంటే ఆ పేజీ ఖాళీగా ఉండనివ్వాలి.

"ఏటి రాసుకుంటున్నావు?" అని ముసలమ్మ అడిగినప్పుడు నోట్‌బుక్కు ఆమె వైపు తిప్పి, ఆమె భాషలో చదివి వినిపించండి. తప్పుంటే ఆమే దిద్దుతుంది.